ఓబులయ్య పెద్దనాయన చేసిన రెండు మెడల గిటారు

గిటారు పెట్టె మూత తీయగానే టేకు పొట్టు వాసన గుప్పుమంటుంది. ఇన్నేళ్ళ కొయ్యకు ఇంకా వాసనేమిటని మావాళ్ళు నవ్వుతారు. నాకు మాత్రం వస్తుంది, దాని వెంటే గుబులూ వస్తుంది. ఈ గిటారు చేసింది ఆళ్ళగడ్డ ఓబులయ్య. చుట్టం కాకపోయినా పెద్దనాయనా అనే పిలిచేదాన్ని. గుళ్ళకు కొయ్య వాహనాలు చెక్కే మనిషి. నేను పోయి అడిగేదాకా ఆయన గిటారును చేత్తో తాకి ఎరుగడు.

నంద్యాలలో పెళ్ళిళ్ళకు పాడే మా ఆర్కెస్ట్రాలో నేను మామూలు గిటారు వాయించేదాన్ని. లావు తీగల బేస్ గిటారు వాయించేవాడు ఉన్నట్టుండి మానేశాడు. "రెండూ నువ్వే వాయించాల పాపా. ఈ ముహూర్తాల్లో కుదర్లేదంటే రెండూ వచ్చినోన్ని తెచ్చుకుంటా," అన్నాడు మా ఓనరు. నాకు వేరే పని రాదు. ఒకే గిటారు ఒంటికి పైన బేస్ మెడ, కింద మామూలు గిటారు మెడ ఉంటే గట్టెక్కుతాననిపించింది. రెండు పాత గిటార్ల మెడలు ఊడదీసుకొని ఆళ్ళగడ్డ పోయాను.

ఆయన ఏ పని మొదలుపెట్టినా ముందు చెక్క నడిమధ్యన రంగుదారంతో గీత కొట్టేవాడు. ఆ గీతకు అటూ ఇటూ ఒక్క నూలు తేడా రాకూడదు. గరుడ వాహనం రెక్కలకు ఎట్లాగో నా గిటారుకూ అట్లాగే చేశాడు. ఎంత ముచ్చటగా ఉండిందో! భుజానికి తగిలించుకొని నిలబడితే మాత్రం పొడుగాటి బేస్ మెడ నేలకు వంగిపోయేది. ఎడమచేత్తో దాన్ని మోస్తూ, అదే చేత్తో తీగలు నొక్కాలి. దాంతో వాయించిన మొదటి పెళ్ళిలోనే చిటికెనవేలు మొద్దుబారింది. మర్నాడు జడ వేసుకుంటుంటే కూడా ఆ వేలికి స్పర్శ లేదు. నా వేలు పోయిందనుకొని ఏడ్చాను.

పెద్దాయన పనికి వంక పెట్టడం ఎట్లాగా అని మళ్ళీ ఆళ్ళగడ్డ పోయే బస్సులో దారి పొడుగునా భయమే. నేను నోరు తెరవకముందే, "ఏందీ, పనికి రాలేదా?" అన్నాడు. గిటారు తన భుజానికే తగిలించుకొని షెడ్డులో అటూ ఇటూ తిరిగాడు.

"నా వాహనానికి రెండు పక్కలా మోసేటోళ్ళు ఉంటారు పాపా. నువ్వు ఒక్క భుజంతో మోస్తాండావు. అది తోచలేదు నాకు."

రంపం తీసి, తను కొట్టిన నడిమి గీతనే చూస్తూ ఆగిపోయాడు.

"చెడిపోతే?" అన్నాను.

"నాకూ భయమే. ఊకుండు."

బేస్ మెడ చివర బరువు తగ్గించాడు. ఒంటికి పైవైపు మాత్రమే కొమ్ములా పొడుచుకొచ్చే కొయ్య అతికి, భుజం పట్టీ దాని కొసకు బిగించాడు. తర్వాత నన్ను నిలబెట్టాడు.

"రెండు చేతులూ వదుల్."

"పడిపోతాది పెద్దనాయనా."

"పడితే నేను పట్టుకుంటా. వదుల్."

వదిలాను. వంగింది. కొంచెం చెక్కి మళ్ళీ వదలమన్నాడు. సాయంత్రానికి మెడ కదలకుండా నిలబడింది. గీతకు అటూ ఇటూ సరిసమానంగా ఉన్న అందం పోయిందని ఆయనకు దిగులే.

ఆ వారం నంద్యాల పెళ్ళికి పిలవకుండానే వచ్చి, భోజనాల పంక్తి వెనక నిలుచున్నాడు. పాట మధ్యలో, వదులు అన్నట్టు రెండు చేతులూ పైకెత్తి చూపించాడు. ఓనరు గుర్రుగా చూస్తున్నా గిటారు మీంచి చేతులు వదిలేశాను. మెడ వంగలేదు. వేలు తిమ్మిరెక్కలేదు. నా పనీ నిలబడింది.

పెద్దనాయన పోయాడు. గుబులు మాత్రం పోలేదు. ఇప్పటికీ మొదటి పాటకు ముందు రెండు చేతులూ వదిలి నిలబడతాను. కళ్ళు పంక్తి వెనక్కి పోతాయి. పడితే పట్టుకుంటానన్న మనిషి అక్కడ లేడని తెలుసు. అయినా వదులుతాను.