ప్యూర్టోరికోకి వీసా

చాలా ఏళ్ళుగా దీన్ని మోస్తున్నాను. మోస్తున్నట్టు పైకి కనబడదు. ఆఫీస్‌కి వెళ్తాను, వస్తాను, ఆదివారం చర్చిలో పాటలు పాడతాను, పిల్లల స్కూల్ మీటింగుల్లో నవ్వుతూ కూర్చుంటాను. కానీ ఎవరైనా మాటల మధ్య "ఈసారి వెకేషన్‌కి ఎక్కడికి వెళ్దాం?" అన్నారంటే చాలు, లేచి వంటింట్లో ఏదో పని వెతుక్కుంటాను. మా ఆయన గమనిస్తాడు. ఏమీ అడగడు. ఎందుకు అడగడో తర్వాత చెప్తాను.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలనేమో అనిపిస్తోంది. తడబడితే ఏమీ అనుకోకండి.

జరిగింది చిన్న విషయమే. మా అమ్మని నాలుగు రోజుల ట్రిప్‌కి తీసుకెళ్ళకుండా ఉండటానికి ఒక అబద్ధం చెప్పాను. అంతే. అంతేనా? అంతే అయితే ఇన్నేళ్ళు ఎందుకు దాచాను?

అప్పట్లో మేం జెర్సీ సిటీలో ఉండేవాళ్ళం. పెళ్ళయి రెండేళ్ళు దాటింది, పిల్లలు ఇంకా లేరు. కారు అద్దానికి జీపీఎస్ డబ్బా అతికించుకుని తిరిగే రోజులు. అమ్మ మొదటిసారి మా దగ్గరికి వచ్చింది, ఆరు నెలలు ఉండేలా. నాన్న అంతకుముందే పోయారు. అమ్మ కోస్తాలో ఒక మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. జీవితమంతా కాన్పుల వార్డులోనే గడిచింది కాబట్టి ఆవిడకి సిగ్గులూ మొహమాటాలూ తెలియవు. ట్రైన్‌లో పక్కన కూర్చున్న తెల్లావిడ కాళ్ళ వాపు చూసి "ఉప్పు తగ్గించమను" అని నాతో చెప్పించేది. నేను చెప్పకపోతే తనే చేతులు తిప్పుతూ చెప్పేసేది. ఆవిడ నవ్వి థాంక్స్ అనేది కూడా. నాకే తల కొట్టేసినట్టుండేది.

ఆ చలికాలంలో ఎక్కడికైనా వెచ్చటి చోటుకి వెళ్దామని మూడు జంటలం అనుకున్నాం. నా స్నేహితురాలు స్వప్న వాళ్ళు, నా ఆఫీస్‌లో ఇంకో జంట, మేము. జమైకా అన్నారు, బహామాస్ అన్నారు. అందరివీ హెచ్ వన్ వీసాలే, అందరి పాస్‌పోర్టుల్లోనూ వీసా స్టాంపుల గడువు తీరిపోయింది. దేశం దాటితే తిరిగి రావడం తలనొప్పి. అప్పుడు మా ఆయనే అన్నాడు ప్యూర్టోరికో అని. అదీ ఆ కరీబియన్ సముద్రంలోదే, కానీ అమెరికాది. వీసా అక్కర్లేదు, స్టాంపింగ్ అక్కర్లేదు, చికాగో వెళ్ళొచ్చినట్టే వెళ్ళి రావచ్చు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. అసలు ఆ ఊరిని ఎంచుకున్నదే వీసా గొడవ లేదని.

శనివారాలు మా ఇంట్లోనే చేరేవాళ్ళం. అమ్మ గారెలు వేసి పెట్టేది. టేబుల్ మీద లాప్‌టాప్, చుట్టూ మేం. ఉన్నది నాలుగు రోజులే, అందులోనే అన్నీ పట్టాలి. ఒక రోజు పాత ఊరూ కోటగోడలూ. ఒక రోజు వానల అడవి, జలపాతం. ఒక రోజు ఏ పనీ లేకుండా ఇసకలో పడి ఉండటం. ఇంకా ఒక సాయంత్రం ఖాళీగా మిగిలింది. మా ఆయన ఎక్కడో చదివాడు, అక్కడ ఒక మడుగు ఉందట, చీకటి పడ్డాక పడవలో వెళ్తే తెడ్డు తగిలిన చోటల్లా నీళ్ళు వెలుగుతాయట. ఎవరూ నమ్మలేదు. ఆయన లాప్‌టాప్ అమ్మ వైపు తిప్పి, "అత్తయ్యా, ఇది చూడండి, నిజమేనంటారా?" అన్నాడు.

అమ్మ పిండి చేతులు కొంగుకి తుడుచుకుని కళ్ళజోడు పెట్టుకుంది.

"నిజమేనయ్యా. నేను చూశాను," అంది.

చిన్నప్పుడు వాళ్ళ నాన్నతో పడవలో వస్తుంటే, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర నీళ్ళు అలాగే వెలిగాయట. భయపడి ఏడ్చిందట. తాతయ్య ఆవిడ చెయ్యి పట్టుకుని నీళ్ళలో ముంచి, "చూడు, కాలదు," అన్నాడట. మళ్ళీ ఎప్పుడూ కనబడలేదట. "ఇంకొక్కసారి చూస్తే బావుండునని ఎన్నిసార్లు అనుకున్నానో," అంది. నా పాతికేళ్ళ పైచిలుకు జీవితంలో ఆ కథ నేను ఎప్పుడూ వినలేదు. ఆ సాయంత్రం అలా ఖాయమైంది. అమ్మ రావడం కూడా ఖాయమే అనుకున్నారు అందరూ. అమ్మ తన కాన్వాసు బూట్లు ఉతికి హీటర్ పక్కన ఆరబెట్టుకుంది.

నేనూ అలాగే అనుకున్నాను. నిజంగా. స్వప్న పుట్టినరోజు దాకా.

ఆ రోజు హోబోకెన్‌లో ఒక ఇటాలియన్ రెస్టారెంట్‌కి వెళ్ళాం. వెయిటర్ ప్లేట్లు తెచ్చేసరికి అమ్మ లేచి నిలబడింది, కళ్ళు మూసుకుంది. ఇంట్లో భోజనానికి ముందు చేసే ప్రార్థనే. గొంతు కూడా ఇంట్లో గొంతే. రవి గ్రీన్ కార్డ్ కోసం ప్రార్థించింది. రవి అంటే స్వప్న వాళ్ళాయన. తర్వాత, "ప్రభువా, ఈ బిడ్డ స్వప్న గర్భాన్ని జ్ఞాపకం చేసుకో తండ్రీ, పోయిన బిడ్డకి బదులు ఇంకో బిడ్డనియ్యి," అంది. స్వప్నకి కడుపు పోయిన సంగతి ఆ టేబుల్ దగ్గర నాకూ రవికీ తప్ప ఎవరికీ తెలియదు. అమ్మకి చెప్పింది నేనే. వెయిటర్ ప్లేట్లు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. స్వప్న నాప్‌కిన్‌తో కళ్ళు తుడుచుకుంది. కోపమో, ఏడుపో, నేను అడగలేదు. ఇప్పటికీ అడగలేదు.

ఛీ, ఎంత సిగ్గేసిందో. నోరు జారింది నేను, కోపం అమ్మ మీద. ఇంటికి వచ్చేదాకా కోటగోడల మీదా, జలపాతం దగ్గరా, ఇసకలోనూ అమ్మ నిలబడి కళ్ళు మూసుకోవడమే కనిపించింది నాకు.

మర్నాడు పొద్దున అమ్మ సూట్‌కేస్ ముందేసుకుని కూర్చుంది.

"బుజ్జీ, ఆ ఊళ్ళో చలుండదుగా? స్వెట్టర్ తీసేయనా?"

"అమ్మా, నీకు రావడం కుదరదు."

"ఏం? ఏమైంది?"

"నీది విజిటర్ వీసా కదా. ఒక్కసారి దేశం దాటావంటే మళ్ళీ లోపలికి రానివ్వరు. అట్నుంచి అటే ఇండియా పంపించేస్తారు."

"ఓరి నాయనో! మరి మీరో?"

"మాకు హెచ్ వన్ ఉందిగా. మాకేం కాదు."

"సరిగ్గా కనుక్కున్నావా? వెళ్ళి అక్కడ ఇరుక్కుపోతారేమో. అందరూ ఉద్యోగాలు చేసుకునే పిల్లలు. ఇంకోసారి కనుక్కో తల్లీ."

తన గురించి ఒక్క మాట అనలేదు. మడిచిన చీరలు మళ్ళీ బీరువాలో పెట్టేసుకుంది. నాకు ఎంత తేలికైందో! అదే చెప్పాలి మీకు. బాధ అప్పుడు కలగలేదు. హమ్మయ్య అనిపించింది.

మా ఆయనతో, "అమ్మకి మోకాళ్ళ నొప్పులట, రానంటోంది," అన్నాను. "నేనొకసారి అడిగి చూడనా?" అన్నాడు. "వద్దు, మొహమాటపెట్టకు," అన్నాను. ఎంత గబుక్కున వచ్చిందో ఆ మాట.

అమ్మని ఎడిసన్‌లో మా చర్చి పాస్టరుగారింట్లో దింపి వెళ్ళాం. పాత ఊళ్ళో నీలం రాళ్ళ వీధులు చూశాం. అడవిలో తడిసి ముద్దయ్యాం. ఇసకలో పడుకుని కొబ్బరినీళ్ళు తాగాం. చివరి రోజు చీకటి పడ్డాక, సన్నటి పడవల్లో ఇద్దరిద్దరం మడ చెట్ల మధ్యనుంచి ఆ మడుగులోకి వెళ్ళాం. అక్కడ చూసింది ఇప్పుడే చెప్పను. వెనక కూర్చున్న మా ఆయన మాత్రం, "అత్తయ్య ఉండాల్సింది," అన్నాడు. నేను వినబడనట్టు తెడ్డు వేశాను.

నెవార్క్ ఎయిర్‌పోర్ట్‌లో దిగగానే అమ్మకి ఫోన్ చేశాను. హలో కూడా అనలేదు.

"రానిచ్చారా?"

అక్కడ ఆపేవాళ్ళెవరూ లేరు. కౌంటర్ లేదు, ఆఫీసర్ లేడు. సూట్‌కేసులు తిరిగే బెల్ట్ దగ్గర నిలబడి ఉన్నాను.

"ఆ, రానిచ్చారమ్మా," అన్నాను.

"స్తోత్రం! స్తోత్రం తండ్రీ!" అని ఏడ్చేసింది.

ఎడిసన్ వెళ్ళేసరికి అమ్మ మొహం పీక్కుపోయి ఉంది. పాస్టరమ్మగారు ఆవిడ ముందు అన్నం కంచం పెడుతున్నారు. మేం వెళ్ళిన దగ్గర్నుంచీ ఉపవాస ప్రార్థనట. పగలంతా మంచినీళ్ళు, రాత్రికి కాస్త గంజి. "ఉపవాసం ఎందుకండీ?" అన్నాడు మా ఆయన. పాస్టరమ్మగారు నా వైపు చూశారు. "మీరు క్షేమంగా తిరిగి రావాలనమ్మా," అని మాత్రం అన్నారు. ఆవిడకి తెలుసు. ఆవిడ ఇంట్లోనే పడుకుని, లేచి, ప్యూర్టోరికో బోర్డర్ గురించి మోకరించి ప్రార్థన చేసిన మనిషికి, అది అమెరికాయేనని ఆవిడ చెప్పలేదు. నా పరువు కాపాడారు. ఎందుకు కాపాడారా అని ఇప్పటికీ అనుకుంటాను.

ఇంటికి వచ్చేదాకా అమ్మ కారులో నిద్రపోయింది. మా ఆయన మర్నాడు పొద్దున్నే క్లయింట్ దగ్గరికి వేరే ఊరు వెళ్ళిపోయాడు. వంటింట్లో అమ్మా నేనే ఉన్నాం. ఉల్లిపాయలు తరుగుతూ అడిగింది.

"నీళ్ళు వెలిగాయా?"

ఎంత ఆశగా అడిగిందో.

"లేదమ్మా. ఆ రోజు వెన్నెల బాగా ఉంది. ఏమీ కనబడలేదు."

ఎందుకలా అన్నాను? తనేమీ పోగొట్టుకోలేదని అమ్మకి అనిపించాలని. అప్పుడు నాకు నేను అలా చెప్పుకున్నాను. కానీ వెలిగాయని చెప్తే, ఎలా ఉందో చెప్పమంటుంది, ఎదురుగా కూర్చుని అన్నీ వింటుంది. ఆ మొహం చూస్తూ చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. బహుశా అదే నిజం.

"అయ్యో పాపం, అంత దూరం వెళ్ళి," అంది అమ్మ. "పోన్లే, ఇంకోసారి వెళ్తారులే. అల్లుడుగారు ఎంత ఆశపడ్డారో, ఆయన దగ్గర ఆ మాట ఎత్తను." నన్ను ఓదార్చడానికి, ఆ వెలుగు ఎలా ఉంటుందో చెప్పింది. చెయ్యి తీసినా చుక్కలు చర్మం మీద కాసేపు వెలుగుతూ జారతాయని చెప్పింది. నేను రెండు రోజుల కిందటే చూసినదాన్ని, చూడనట్టు మొహం పెట్టి విన్నాను.

ఆదివారం వచ్చింది. మా ఆయన ముందురోజే ఊరి నుంచి వచ్చేశాడు. మా తెలుగు సంఘం అమెరికన్ చర్చి హాల్ ఒకటి అద్దెకి తీసుకుని మధ్యాహ్నం కూడుకునేది. దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యాలు చెప్పేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని పాస్టరుగారు అడగ్గానే అమ్మ లేచింది.

"అందరికీ వందనాలు. మా అమ్మాయి చాలా జాగ్రత్త గల మనిషి. నన్ను తీసుకెళ్ళుంటే ఈ దేశం మళ్ళీ లోపలికి రానిచ్చేది కాదు. ముందే కనుక్కుని నన్ను కాపాడింది. వాళ్ళని కూడా ప్రభువు ఆ బోర్డర్ దాటించి క్షేమంగా ఇంటికి చేర్చాడు. దేవునికే మహిమ."

ఆ హాల్లో కూర్చున్న ప్రతి మనిషీ హెచ్ వన్ మీద వచ్చినవాళ్ళే. వీసా రూల్స్ నిద్రలో లేపి అడిగినా చెప్తారు. వెనక బెంచీలో ఎవరో దగ్గారు. తర్వాత అందరూ కలిసి "ఆమేన్" అన్నారు.

నేనూ అన్నాను.

మా ఆయన అనలేదు. ఆయనకి అప్పుడే అర్థమైంది. ఇంటికి వచ్చాక అమ్మ లిఫ్ట్ ఎక్కి పైకి వెళ్ళేదాకా ఆగి, పార్కింగ్‌లో అడిగాడు. "నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"నేనే చెప్తాను."

ఆ తర్వాత ఆయన ఎప్పుడూ అడగలేదు. అమ్మ ముందు ఆ ట్రిప్ ఊసే ఎత్తలేదు. నేను చెప్పానని అనుకున్నాడో, చెప్పలేదని తెలిసే ఊరుకున్నాడో, ఆ సంగతి మా ఇద్దరి మధ్యా అలాగే ఉండిపోయింది.

చెప్దామనే అనుకున్నాను. ఆరు నెలలూ అయిపోయాయి. ఎయిర్‌పోర్ట్‌లో చెప్దామనుకున్నాను. అక్కడ అమ్మ చెక్ ఇన్ చేసే అమ్మాయి కళ్ళ కింద నలుపు చూసి ఐరన్ మాత్రలు వేసుకోమని చెప్తోంది. ఈసారి నేనే దగ్గరుండి ఆ మాట ఇంగ్లీష్‌లో చెప్పాను. ఊరికి వెళ్ళాక అమ్మ చుట్టుపక్కల వాళ్ళకి నా జాగ్రత్త గురించి కథలుగా చెప్పింది. పిల్లల దగ్గరికి బయల్దేరే వాళ్ళకి, "అటూ ఇటూ దేశాలు దాటకండి, మా అమ్మాయి చెప్పింది," అని హెచ్చరించేదట. ఎవరెవరు నమ్మారో, ఎవరు ఏ ప్రయాణం మానుకున్నారో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు.

మళ్ళీ రమ్మని చాలాసార్లు పిలిచాను. ఈసారి ఆ మడుగుకి తనని తీసుకెళ్ళాలని మనసులో ప్లాన్ కూడా వేసుకున్నాను, అమ్మా నేనూ ఒకే పడవలో. కానీ మోకాళ్ళ నొప్పులు నిజంగానే మొదలయ్యాయి. రాలేకపోయింది. చివరి రోజుల్లో నేనే ఇండియా వెళ్ళి ఆసుపత్రిలో పక్కనే కూర్చున్నాను. అమ్మకి తెలివి ఉంది, మాట ఉంది. చెప్పొచ్చు. నా బరువు దించుకోవడానికి పోయే మనిషి మీద వేయడమేమిటి అనుకున్నాను. మంచి కారణంలాగే ఉంది కదూ? నా కారణాలన్నీ మంచివే. నర్సు సెలైన్ సరిగ్గా పెట్టలేదని అమ్మ దాన్ని తనే సరిచేసుకుంది. నేను చూస్తూ కూర్చున్నాను.

మీరు నన్ను క్షమించాలని ఇది చెప్పలేదు. అది మీ చేతిలో లేదు, ఇక ఎవరి చేతిలోనూ లేదు. స్వప్నకి ఇప్పుడు ఇద్దరు ఆడపిల్లలు. అమ్మ ప్రార్థన వల్లేనని స్వప్నే ఒకసారి నవ్వుతూ అంది. నేను నవ్వలేకపోయాను.

వీసా అబద్ధం కన్నా ఆ రెండోదే నన్ను ఎక్కువ తింటోంది. అమ్మ ఉల్లిపాయలు తరుగుతూ ఒక్క ప్రశ్న అడిగింది. దానికి జవాబు ఇంతవరకు నా నోట రాలేదు. ఎవరో ఒకరికి చెప్పాలి కాబట్టి మీకు చెప్తున్నాను.

వెలిగాయమ్మా. ఆ రోజు వెన్నెల లేదు. చెయ్యి ముంచితే మోచేతి దాకా వెలిగాయి.