పేరు లేని మొక్క

మా పక్కింటి ఆశ్రితకు ఆకు అంటే భయం. పెరట్లో మొలిచిన ప్రతి ఆకూ తన నాలుగేళ్ల కూతురు శ్రేయ నోట్లోకే పోతుందని ఆమె గట్టి నమ్మకం. ఆమె ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. రోజూ పొద్దున మిషన్ ముందు కూర్చునే ముందు ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి, కొత్తగా ఏదైనా మొలిస్తే చేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని పీకి, నా గేటు దగ్గరికి తెచ్చేది.

"టీచర్, గిది ఏం చెట్టో జర చెప్పుండ్రి."

నేను ముప్పై ఒక్కేళ్లు ఈ మెదక్‌లోనే పిల్లలకు జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. పేరు పెర్సిస్. నోరు కాస్త పెద్దదే, ఒప్పుకుంటాను. చర్చి గంట విని గడియారం సరిచేసుకునే మా వీధిలో నా మాటకూ అంత విలువ ఉందనుకునేదాన్ని. "గది గడ్డి బిడ్డా. బర్లు తింటయి. నువ్వు తినకుంటే చాలు" అని పంపేసేదాన్ని.

ఆమె భయానికి కారణం లేకపోలేదు. పుట్టిల్లు హవేలిఘనపూర్ దగ్గర. ఆమెకు పదేళ్లప్పుడు వాళ్ల నాన్న పొలం గట్టు మీది గన్నేరు కొమ్మలు కొట్టి కుప్ప వేస్తే, ఆమె ముద్దుగా పెంచుకున్న లేగదూడ ఆ కుప్పలో మూతి పెట్టింది. సాయంత్రానికి కాళ్లు తన్నుకుని చచ్చిపోయింది. దాని తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నానని ఆశ్రిత ఒకసారి నాకు చెప్పింది. విన్నాను, అయ్యో అన్నాను, మర్నాడు మళ్లీ ఎగతాళి చేశాను. నా గుణం అది.

భర్త ప్రవీణ్‌ది బజారులో ఎరువుల దుకాణం. పొద్దంతా పురుగుమందు డబ్బాల మధ్య ఉండి వస్తాడు. బయట నల్లా కింద కాళ్లూ చేతులూ కడుక్కుని చొక్కా మార్చుకుంటే తప్ప ఆశ్రిత బిడ్డను ముట్టనివ్వదు. అతను కిక్కురుమనడు. "మా ఇంట్ల ఎస్సై ఉన్నది టీచర్" అని నాతో నవ్వేవాడు.

ఈ వానాకాలం మొదట్లో ఆమె ఫోన్లో ఏదో వీడియో చూసింది. గన్నేరు ఆకు, పువ్వు, గింజ అన్నీ విషమేనని అందులో చెప్పారట. అబద్ధమేమీ కాదు. వెంటనే కూలికి లక్ష్మయ్యను పిలిచి కాంపౌండులోని ఎర్రగన్నేరు కొట్టించింది. అక్కడితో ఆగితే బాగుండేది. బిళ్లగన్నేరు మొక్కలు పీకించింది. పూలతో నిండుగా ఉన్న దేవగన్నేరును మొదలంటా నరికించింది.

"ఇంటిపేరు ఒకటైతే మనుషులంత ఒక్కటేనా బిడ్డా? ఏ చెట్టు గుణం దానిదే" అన్నాను గోడ మీంచి.

"గన్నేరు అన్న పేరుంటే నాకొద్దు టీచర్. మీ గోడ పక్కన ఉన్నది గూడ కొట్టిస్తే మంచిగుంటది."

మేకలు ముట్టవని ఏరికోరి నాటుకున్న చెట్టు అది. కొట్టనన్నాను, కొంచెం గట్టిగానే. ఆ రోజు నుంచి శ్రేయ మా ఇంటికి రావడం ఆగిపోయింది. అప్పటిదాకా రోజూ సాయంత్రం వచ్చి నా మెట్ల మీద కూర్చుని చాయ్‌లో బిస్కెట్ ముంచుకుని తినే పిల్ల, ఇప్పుడు కిటికీ చువ్వలు పట్టుకుని "పెర్సిస్ అమ్మమ్మా, నేను ఇంట్లనే ఆడుకుంటున్న" అని చెప్పేది. తల్లి మీద నాకు కోపం వచ్చింది. కోపమని పేరు పెట్టుకున్నాను గానీ అది బెంగ. సాయంత్రాలు గడిచేవి కావు.

వాళ్ల ముందు గదిలో తెల్లని కుండీలో ఒక మొక్క ఉండేది. వెడల్పాటి ఆకులు, ఆకు నిండా తెల్ల మచ్చలు. దానికి మా వీధిలో పేరు లేదు. నర్సరీ అతను ఇండోర్ ప్లాంట్ అన్నాడు, మేము షో చెట్టు అన్నాం. గన్నేరుకు పేరుంది గనక నరికించుకుంది. దీనికి పేరు లేదు గనక ప్రతి శుక్రవారం ఆశ్రిత చేత తడిగుడ్డతో తుడిపించుకుంది. గృహప్రవేశానికి దాన్ని కానుకగా ఇచ్చింది నేనే.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం ఆశ్రిత కేక వినిపించి పరుగెత్తాను. శ్రేయ నోరు తెరిచి ఏడుస్తోంది, మాట రావడం లేదు. పెదాలు ఉబ్బాయి, చొంగ గౌను మీద కారుతోంది. ఆశ్రిత ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"గన్నేరు తిన్నది టీచర్. మీ గన్నేరే. కిటికీలకెళ్లి ఆకు వచ్చి పడ్డట్టున్నది."

బిడ్డను భుజాన వేసుకుని, వీధి చివర ఆటో ఆపి ఆమె దవాఖానకు వెళ్లిపోయింది. నేను ఆ గదిలో మిగిలాను. నా చెట్టు పసిదాన్ని పొట్టన పెట్టుకుంటుందా అనుకుంటూ మోకాళ్ల మీద కూర్చున్నాను. నేలంతా వెతికాను. గన్నేరాకు ఒక్కటీ లేదు. ఆడుకునే గిన్నెలున్నాయి. చిన్న గిన్నెలో తుంపిన ఆకు ముక్కలున్నాయి. కుండీలో ఒక ఆకుకు అర్ధచంద్రంలా పంటి గాట్లున్నాయి.

ఆ తుంపిన చోట వేలు పెడితే కాసేపటికి దురద మొదలైంది. ఆ దురద ఎవరికి తెలియదు? చేమదుంప కోసిన ప్రతి చెయ్యికీ తెలుసు. చేమలో సూదుల్లాంటి స్ఫటికాలుంటాయని, అవి నాలుకకు గుచ్చుకుంటాయని బోర్డు మీద బొమ్మ గీసి ముప్పై ఒక్కేళ్లు చెప్పాను. ఈ షో చెట్టు కూడా చేమ జాతిదేనని ఒక్కరోజైనా తట్టలేదు. గురివింద గింజ తన కింద నలుపు ఎరగదంటారు. ఆ గింజను నేనే.

ఆకు తెంపి కవరులో వేసుకుని ఇంకో ఆటో ఎక్కాను. దవాఖానలో శ్రేయ ఛాతీకి తీగలు అంటించి ఉన్నాయి. గన్నేరు గుండె మీద పని చేస్తుంది గనక హైదరాబాద్ పంపే ఏర్పాట్లు చేస్తున్నారు. నేను డాక్టర్ ముందు ఆకు పెట్టాను. ఆయన ఆకును చూశాడు, పాప నోటిని చూశాడు, తీగల మిషన్ చూశాడు.

"గుండె మంచిగనే కొట్టుకుంటుంది. ఇదైతే మంట, వాపు. నోరు కడిగి చల్లని పాలు పట్టిద్దాం. గొంతు వాచకుండా రాత్రి దాకా ఇక్కడే ఉంచి చూస్తా" అన్నాడు.

పొద్దు గూకేసరికి వాపు దిగింది. ప్రవీణ్ దుకాణం మూసి వచ్చి, ఆనాడు కూడా చేతులు కడుక్కునే బిడ్డ మంచం దగ్గరికి వెళ్లాడు. శ్రేయకు మాట వచ్చింది. తల్లి ఏడవడం చూసి తనను తిడుతుందనుకుందేమో, ముద్దముద్దగా చెప్పుకుంది.

"బయటి ఆకు ముట్టలే మమ్మీ. గిది ఇంట్లదే."

ఆ పిల్ల తల్లి మాట జవదాటలేదు. ఆశ్రిత మంచం పట్టె మీద తల పెట్టేసింది. "ఆ చెట్టు నేనిచ్చిందే బిడ్డా" అన్నాను. మర్నాడు నేనే వెళ్లి కుండీ తెచ్చేసి, మొక్కను గుంట తీసి పూడ్చాను. ఆశ్రిత తలుపు తీసింది, అడ్డు తప్పుకుంది, మాట్లాడలేదు. మూడు వారాలు అట్లాగే గడిచాయి. ఆమె తిట్టినా బాగుండేదని అనిపించేది, నేను వినాల్సిన తిట్లే అవి.

వినాయక చవితి పొద్దున గేటు చప్పుడైంది. ఆశ్రిత ఇత్తడి తాంబాళంతో నిలబడి ఉంది. పక్కన శ్రేయ, చేతులు వెనక్కి కట్టుకుని.

"పత్రికి వచ్చినం టీచర్. గన్నేరు, ఉమ్మెత్త కావాలె. మా ఇంట్ల అన్నీ కొట్టిచ్చుకుంటిని."

"బజార్ల కట్టలు అమ్ముతున్నరు గద."

"గా కట్టల ఏ ఆకు ఏందో ఎవలకెరుక? మీ తాన అయితే పేర్లు చెప్తరు."

మాది ప్రార్థనల ఇల్లు, వాళ్లది పూజల ఇల్లు. ఆకులకు ఆ తేడా లేదు. గన్నేరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆశ్రిత బిడ్డ ఎత్తుకు వంగింది.

"గిది గన్నేరు. విషం" అంది, మామూలుగా పేరు చెప్పినట్టు.

"మరి దేవునికి పెడ్తమా?"

"దేవునికి పెడ్తం. మనం నోట్లె పెట్టుకోం."

"ఇంట్లదైనా?"

"ఇంట్లదైనా. మమ్మీని అడగకుండ ఏదీ పెట్టుకోవద్దు."

ఈసారి ఆమె చేతికి ప్లాస్టిక్ కవరు లేదు. అయినా తెంపింది. శ్రేయ తాంబాళం పట్టుకుంది. చూస్తూ ఊరుకోవడం నావల్ల కాలేదు. "సాలు సాలు, ఇద్దరు సబ్బు పెట్టి చేతులు కడుగుండ్రి" అన్నాను.

ఆశ్రిత నా వైపు చూసి నవ్వింది. "మీకు గూడ నా భయం అంటుకున్నది టీచర్."

"అంటుకున్నది. ఎప్పుడు పోతదంటవు?"

"పోదు. నాకు ఇరవై ఏండ్ల సంది పోలే. ఉండనియ్యుండ్రి."

నల్లా దగ్గర చేతులు కడిగించి, తుడిచి, ఆమె తాంబాళం అందుకుంది. "నేను పోయి పూజ సామాన్లు సదురుకుంట. జర గంటసేపు దీన్ని మీ తాన ఉంచుకోండ్రి" అని బిడ్డను నా పెరట్లో వదిలి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయింది. చూడకుండా ఉండటానికి ఆమె ఎంత కష్టపడిందో నాకు తెలుసు.

శ్రేయ పెరడంతా తిరిగి ఆడుకుంది. నేను ఆ గంటసేపూ కూర్చోలేదు.