మూత లోపల రాసిన అడ్రసు

నా చేతిరాత బాగుంటుంది. గొప్ప కోసం చెప్పడం లేదు. తప్పు అక్కడే మొదలైంది కాబట్టి చెబుతున్నాను.

1980ల చివర్లో ఒమన్‌లో, అల్ సువైక్‌లో ఒక కంపెనీలో షట్టరింగ్ కార్పెంటర్‌గా ఉండేవాణ్ణి. స్లాబు పోయడానికి ముందు చెక్కలు బిగించడం డ్యూటీ. శుక్రవారం సెలవు. ఆ రోజు సైట్‌లో పారేసిన ప్లైవుడ్ ముక్కలు తెచ్చి, ఇళ్లకు సామాను పంపుకునేవాళ్లకు పెట్టెలు కొట్టేవాణ్ణి. మూత మీద బ్రష్‌తో, నల్ల పెయింట్‌తో అడ్రసు రాసేవాణ్ణి. జగిత్యాల, సిరిసిల్ల, ఆర్మూరు వాళ్లు, కేరళ వాళ్లు పొద్దున్నే మా రూమ్ ముందు కూర్చునేవారు. "నువ్వు రాస్తే పెట్టె దారి తప్పదు" అనేవారు. నాకూ అది నిజమే అనిపించేది. పొగడ్తకు పడనివాడెవడు?

అక్కడే నాకొకతను పరిచయమయ్యాడు, నేపాల్ వాడు. సముద్రం పక్కన ఒక ఖర్జూరం తోటలో నీళ్లు పెట్టేవాడు. నేపాల్ నుంచి వచ్చినవాళ్లందరినీ అక్కడ ఒకే పేరుతో పిలిచేవారు. అది అతని పేరు కాదని తెలిసి కూడా నేను కొన్నాళ్లు అలాగే పిలిచాను, తర్వాత సిగ్గేసి మానేశాను. మా ఇద్దరి మధ్యా సైట్ హిందీ. అతను నన్ను భాయ్ అనేవాడు, నేనూ అతన్ని భాయ్ అనేవాణ్ణి. ఆ మాట అతను ఎంత నిజంగా అన్నాడో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

తోట బావి మీద ఒక పాత డీజిల్ ఇంజను ఉండేది. ఏడేళ్లు అతని చేతుల మీదే నడిచింది. దానికొక జబ్బు ఉంది. కాసేపు టకటకమని ఆడి, మధ్యలో ఒక్కసారి దగ్గి, మళ్లీ ఆడేది. ఎన్ని రిపేర్లు చేసినా ఆ దగ్గు పోలేదు. "ముసలాయన, దగ్గనీ" అనేవాడు. ఆ తీరం పొడుగునా తోటలవాళ్లు రాత్రీ పగలూ తోడేసరికి సముద్రం మెల్లగా బావుల్లోకి వచ్చేసింది. నీళ్లు ఉప్పనై, చెట్ల ఆకులు కొసల్లో ఎండిపోయాయి. తోట యజమాని, అంటే అతని అర్బాబ్, సముద్రానికి దూరంగా కొత్త బావి తవ్వించి కరెంటు మోటారు పెట్టించాడు. పాత ఇంజను నీకే, తీసుకుపో అన్నాడు.

ఆ రోజు అతను మా రూమ్‌కు పరిగెత్తుకుంటూ వచ్చాడు. అతని ఊరు కొండ మీద, ఏరు కింద. ఆడవాళ్లు బిందెలతో దిగి ఎక్కడమే సరిపోతుంది. వానాకాలం పంట తప్ప రెండోది లేదు. ఈ ఇంజను ఏటి ఒడ్డున పెట్టి నీళ్లు పైకి ఎక్కిస్తే నాలుగిళ్లవాళ్లు రెండో పంట వేసుకోవచ్చు. ఇంటికి ఉత్తరం రాశాడు. జవాబు రావడానికి రెండు నెలలు పట్టింది. పైన నీళ్ల తొట్టి తవ్వడం అయిపోయింది, సిమెంటు కూడా పూశాం, ఇంజను ఎప్పుడొస్తుంది, అని అందులో ఉంది. ఆ ఉత్తరం నాకు మూడుసార్లు చదివి వినిపించాడు.

పెట్టె నేనే కొట్టాను. అంత గట్టి పెట్టె అంతకు ముందు కొట్టలేదు, ఆ తర్వాతా కొట్టలేదు. మూత మీద అతని ఊరు, జిల్లా, దేశం రాసి, ఇద్దరం మస్కట్‌లో ఒక కార్గో ఆఫీసుకు వెళ్లాం. గుమాస్తా నేపాల్ అన్న మాట చూడగానే తల అడ్డంగా ఊపాడు. వాళ్లకు సముద్రం లేదు. ఓడ కలకత్తాకు వెళ్లాలి, అక్కడ మన దేశం మీదుగా పోవడానికి వేరే కాగితాలు, లారీకి సీలు, సరిహద్దులో మళ్లీ కాగితాలు. పైగా ఆ ఏడాది మన దేశానికీ వాళ్ల దేశానికీ మధ్య ఒప్పందం గడువు తీరి, సరిహద్దు దారులు చాలావరకు మూసేశారు. వాళ్ల ఊళ్లలో కిరోసిన్‌కే కటకటగా ఉంది. "ఇది కలకత్తా డాక్‌లో తుప్పు పడుతుంది. వద్దు" అన్నాడు గుమాస్తా.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్టు ఉంది. అతను పెట్టె మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. నాకు ఒళ్లు మండింది. అక్కడే, ఆ గుమాస్తా ముందే, మీసం మెలేసినంత పని చేశాను.

"ఏముంది భాయ్? వచ్చే నెల నేను లీవు మీద పోతున్నా. నా సామాను కింద నా పేరు మీద బొంబాయికి వేద్దాం. అక్కణ్ణించి మా ఊరికి తీసుకుపోతా. దారి తెరవగానే రైల్లో మీ బార్డర్ దాకా పంపిస్తా. మా దేశంలో నన్ను అడిగేదెవరు?"

అతను తటపటాయించాడు. "భాయ్, ఉప్పు కావాలన్నా మేం మీ గుమ్మం ముందే నిలబడాలి. నిన్ను అనడం కాదు. మాకు అలవాటైపోయింది, భయపడటం."

నాకు రోషం వచ్చింది. "అంటే నా మీద నమ్మకం లేదా?"

ఆ ఒక్క మాట అనకుండా ఉంటే ఎంత బాగుండేది! ఆ మాటకు అతను సిగ్గుపడి, వెంటనే ఒప్పుకున్నాడు.

మూత మీది అడ్రసు చెరిపి మా ఊరి అడ్రసు రాశాను. "నాది కూడా ఎక్కడైనా రాయి భాయ్. ఇంజనుకు తెలియాలి కదా ఎక్కడికి పోవాలో" అన్నాడు నవ్వుతూ. బయట రెండు అడ్రసులుంటే కస్టమ్స్‌వాళ్లతో తంటా. అందుకని మూత తిప్పి, లోపలి వైపు అతని అడ్రసు నింపాదిగా, అందంగా రాశాను. అతను కూర్చుని పెయింటు ఆరేదాకా చూశాడు.

బొంబాయి డాక్‌లో అధికారి పెట్టె మీద తట్టి, "ఇది ఎవరిది?" అని అడిగాడు.

"నాదే సార్" అన్నాను.

లారీలో ఊరికి తెచ్చి అన్న కొట్టంలో పెట్టించాను. అన్న నాకంటే పదేళ్లు పెద్ద. నాయన పోయాక నన్ను బడికి పంపినవాడు, గల్ఫ్‌కు సాగనంపినవాడు. నేను తెచ్చిన దుప్పటి దగ్గర్నించి ట్రాన్సిస్టర్ దాకా అన్నను అడగకుండా ఎవరూ ముట్టుకునేవారు కాదు. ఇంజను సంగతి మొత్తం చెప్పాను. నీళ్ల తొట్టి తవ్వుకుని కూర్చున్నారని కూడా చెప్పాను. "నువ్వు నిమ్మలంగ పో. దారి తెర్సుడుతోనే నేను రైల్ల ఏసి పంపుత. పరాయోని సొమ్ము మనకెందుకురా" అన్నాడు. అన్న మాట నాకు కాగితం కంటే గట్టిది. నిశ్చింతగా విమానం ఎక్కాను.

మరుసటి ఏడాది దారులు తెరిచారు. రేడియోలో విని, అతనే ఆ కబురు తెచ్చాడు. అదే రోజు అన్నకు ఉత్తరం రాశాను. నెలన్నరకు జవాబు వచ్చింది: పెట్టెను కాజీపేటలో రైలుకు వేశాను. రసీదు వానకు తడిసి పాడైంది. ఆ ఉత్తరం అతనికి నేనే చదివి హిందీలో చెప్పాను. అతను నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

ఆ తర్వాత ఎదురుచూపులు. ఇంజను రాలేదని అతని ఇంటి నుంచి ఉత్తరం. ఇంకా రాలేదని మరొకటి. అతని బావమరిది రెండు రోజులు కొండ దిగి, బస్సెక్కి, సరిహద్దు దగ్గర మన రక్సౌల్ స్టేషన్‌కు వచ్చి, సరుకుల షెడ్డులో మూడు రోజులు పెట్టె పెట్టె వెతికాడట. ఇంజను ఆనవాలు కూడా లేదు. ఆ ఉత్తరం విన్న రోజు నేను నోటికొచ్చినట్టు తిట్టాను. రైల్వేవాళ్లను, కస్టమ్స్‌వాళ్లను, ఢిల్లీలో కూర్చున్నవాళ్లను, ఎవరినీ వదల్లేదు. మధ్యలో అతనే నన్ను ఆపి, "పోనీలే భాయ్, నీ ఆరోగ్యం పాడు చేసుకోకు" అని మంచినీళ్లు ఇచ్చాడు.

1991లో మళ్లీ లీవు దొరికింది. ఊరి స్టేజీ దగ్గర బస్సు దిగి, సూట్‌కేసు కింద పెట్టి, రిక్షా కోసం చూస్తున్నాను. పొలాల వైపు నుంచి ఇంజను చప్పుడు వినిపిస్తోంది. ఊళ్లో ఇంజన్లు లేకపోలేదు, నేను పట్టించుకోలేదు. అంతలో అది దగ్గింది.

ఒక్కసారి దగ్గి, మళ్లీ ఆడసాగింది.

నా కాళ్లు అటే నడిచాయి. సూట్‌కేసు రోడ్డు మీదే వదిలేశానని తర్వాత ఎవరో చెబితే గుర్తొచ్చింది. మా బావి గట్టున కొత్తగా చిన్న షెడ్డు. లోపల ముసలాయన, అదే ఇంజను. కాలువలో నీళ్లు పరుగెత్తుతున్నాయి, వరి పొట్ట మీద ఉంది. షెడ్డుకు తలుపు నేను కొట్టిన పెట్టె మూతే. బయటి వైపు మా ఊరి అడ్రసు. లోపలికి వెళ్లి తలుపు వేసి చూస్తే అతని అడ్రసు. వానకు తడవలేదు, ఎండకు వెలవలేదు. నా అక్షరాలు నన్నే చూస్తున్నాయి.

కంచే చేను మేసింది. అన్న మీద వచ్చిన కోపం కంటే ముందు ఏడుపొచ్చింది. నన్ను మోసం చేసింది రైలు కాదు, ఢిల్లీ కాదు. నా ఇల్లు.

అన్న గట్టు మీదుగా వచ్చాడు. నన్ను చూసి ఒక్క క్షణం ఆగాడు, అంతే. "వరి ఎండుకపోతుంటె సూసుకుంట కూసోమంటవా? కరెంటు ఒచ్చుడే లేదు, పోవుడే. ఇంజను కొట్టంల ఊకె పడి ఉన్నది."

"అది మనది కాదన్నా. రైల్ల ఏసిన అని రాస్తివి గదనే."

"ఎవలిదిరా మరి? బొంబాయిల ఆఫీసరు ముంగట నాదే అని చెప్పినోనివి నువ్వే గదా? కాయిదాల నీ పేరే ఉండె. వాడెవడో, ఏ దేశపోడో. వానికి నువ్వు మాటిచ్చినవు, నేనియ్యలె."

అన్న కూడా నాకు మాటిచ్చాడని అప్పుడు గుర్తుకే రాలేదు. నా మాటే నాకు అడ్డం తిరిగింది.

మూడు రోజులు అన్నం ముట్టలేదు. నాలుగో రోజు ముట్టాను. ఆ బియ్యం ఆ ఇంజను పెట్టిన నీళ్లతో పండినవే. నా భార్య మెల్లగా నచ్చజెప్పింది: "పంట నిలవడ్డది. ఇప్పుడు తీస్తె మొత్తం ఎండుతది. అన్నతోని లొల్లి పెట్టుకోకు. కోతలైనంక పంపుదురు తియ్యి." అన్నను అడిగితే, "అట్లనే" అన్నాడు. పంపడని నాకు తెలుసు. తెలిసి కూడా తల ఊపాను. ఇంజను విప్పించి బండెక్కించడానికి నలుగురు మనుషులు చాలు. ఒక్కరినీ పిలవలేదు. కోతలకు ముందే నా లీవు అయిపోయింది.

విమానంలో దారి పొడుగునా, నిజం ఎలా చెప్పాలో మాటలు కూర్చుకుంటూనే ఉన్నాను. మా అన్నే తీసుకున్నాడు భాయ్, నన్ను క్షమించు. హిందీలో ఇంతకంటే ఎక్కువ మాటలు కూడా అక్కర్లేదు.

మొదటి శుక్రవారమే వచ్చాడు. చేతిలో గుడ్డ చుట్టిన రేకు డబ్బా. కూర్చోకుండానే అడిగాడు. "ఏమైనా తెలిసిందా భాయ్?"

"బార్డర్‌లో పోయిందట" అన్నాను.

ఆ మాట నాలో ఎక్కడ దాక్కుందో తెలియదు, నేను కూర్చుకున్న మాటలన్నిటినీ తోసుకుని బయటికి వచ్చింది. అతను నెమ్మదిగా అన్నాడు. "సముద్రం లేని దేశం మాది. ఎవర్ని అంటాం. ఇంటికి రాసేస్తాను, ఆ తొట్టిలో గడ్డైనా వేసుకోమని."

అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు. అన్న నాకు చేసింది ఒక మోసం. నేను చేసింది దానికంటే నీచం, ఎందుకంటే నేరం అతని దేశం మీదకి తోసేశాను.

అతను డబ్బా నా ముందు పెట్టాడు. తోటలో తను ఏరిన ఖర్జూరాలు, ఆ ఏటి మొదటి కాపు. "మీ అన్నకు పంపు. ముఖం చూడనివాడి కోసం అంత బరువు రైలు దాకా మోసుకెళ్లాడు. అడ్రసు నువ్వే రాయి భాయ్. నువ్వు రాస్తే దారి తప్పదు."

బ్రష్ తీసుకుని రాశాను. అతను పెయింటు ఆరేదాకా కూర్చున్నాడు. మా జిల్లా మనిషి ఒకతను ఊరికి వెళ్తుంటే అతనితో పంపాను. నెల తిరక్కుండా చేరింది. ఖర్జూరాలు బాగున్నాయని అన్న ఉత్తరం రాశాడు.