బొంతల స్టూడియో

కుర్ర వయసులో మనిషికి అన్నీ తెలుసు, వేసవి తరవాత చలికాలం వస్తుందన్న సంగతి తప్ప. ఉద్యోగానికి నీళ్లొదిలేసి, నాచారంలో అద్దె గది తీసుకుని, రాక్ ఆల్బం చేసి తీరుతానని కూర్చున్న రోజులవి. పాడేది నేనే, గిటారు నేనే, రికార్డు చేసేదీ నేనే (వినేది కూడా నేనేనని ఇంట్లోవాళ్ల అనుమానం). కొత్త ఏడాదిలోపు ఆల్బం రాకపోతే బుద్ధిగా మళ్లీ ఉద్యోగంలో చేరతానని నాన్నకు మాటిచ్చాను.

ఖాళీ గదిలో పాడితే గొంతు గోడలకు తగిలి మోగుతుంది. ఆ మోత పోవాలంటే గోడలకు ఫోమ్ కొట్టించాలి, అంత స్తోమత నాకు లేదు. ఇంటి ఓనరు ఆంటీకి జాలేసింది. "ఎండకాలంల బొంతలెవరు కప్పుకుంటరు బిడ్డా, తీస్కపో" అని తనవిచ్చి, గల్లీలోవాళ్లవీ ఇప్పించింది. నాలుగు గోడలకూ బొంతలు వేలాడదీశాను. లోపల ఊపిరాడేది కాదు గానీ, మొదటి పాట విని నాకు నేనే దణ్ణం పెట్టుకున్నాను.

నా పని నత్తనడక. దీపావళి దాటింది, సగం పాటలు మిగిలే ఉన్నాయి, చలి మొదలైంది. దాంతోపాటే తలుపు తట్టడాలూ మొదలయ్యాయి. "అన్నా, మా అమ్మకు సలి పెడ్తుంది, గా ఎర్ర బొంత మాదే." ఇవ్వనని ఎలా అంటాం? ఒక్కో బొంతా పోతుంటే, ఒక్కో పాటలో నా గొంతు ఇంకాస్త మోగసాగింది. ఆఖరి పాటనాడు ఆంటీయే వచ్చి, "ఏమనుకోకు బిడ్డా, మీ అంకుల్ వణుకుతుండు" అంటూ చివరిది చంకన పెట్టుకుపోయింది. ఏడుపొచ్చింది. ఆ ఏడుపుతోనే వట్టి గోడల మధ్య పాడేసి, నాన్నకిచ్చిన గడువు దాటకముందే ఆల్బం నెట్‌లో పెట్టేశాను.

ఒకప్పుడు నాతో డ్రమ్స్ వాయించిన ఉప్పల్ మిత్రుడు (పొగడటం అతని జాతకంలోనే లేదు) ఫోన్ చేశాడు. ప్రాణాలు ఉగ్గబట్టుకుని ఎత్తాను.

"ఏంది మామా గిది! పాట పాటకూ మనిషి ఒంటరోడైతున్నట్టుంది. ఆఖర్ల గుండె పిండినవ్ రా. మస్తు ప్లాన్ జేసినవ్!"

"మరేమనుకున్నవ్?" అన్నాను. హమ్మయ్య! అంత హాయిగా మళ్లీ ఎప్పుడూ ఊపిరి తీసుకోలేదు. ఆ ఆల్బం విని, మాకూ అలాంటి ఒంటరితనమే కావాలంటూ ఇద్దరు ముగ్గురు రికార్డింగుకు వచ్చారు. నాన్న ఉద్యోగం ఊసెత్తడం మానేశాడు.

ఇప్పుడు నా స్టూడియో గోడలకు అసలైన ఫోమ్ ఉంది. దాన్ని తిరిగిమ్మని ఎవరూ రారు. అయినా చలి పడ్డదంటే, పాడుతూ పాడుతూ ఒకసారి తలుపు వైపు చూస్తాను, నాలో నేనే నవ్వుకుంటాను.