కటింగ్ ప్లేయర్ జాగ

కరీంనగర్‌లో మా కాలేజీ రోబో టీమ్ గదికి అటెండర్‌గా రాకముందు ఆయన ఇరవై ఏళ్లు సాంచ, అంటే మరమగ్గం, నడిపాడు. మేము కాకా అని పిలిచేవాళ్లం. రోబో ఏం చేస్తుందో ఒక్కనాడూ అడగలేదు. గోడకున్న ప్లైవుడ్‌కు మేకులు కొట్టి, ఒక్కో పనిముట్టూ తగిలించి, దాని చుట్టూ సుద్దముక్కతో గీత గీసేవాడు. సాయంత్రం తాళం వేసేముందు ఖాళీ గీత కనబడితే ఒకటే మాట.

"గీ జాగలది ఏడ వోయింది బిడ్డా?"

పోటీకి ముందురోజు నేను కటింగ్ ప్లేయర్ పోగొట్టాను. వెతికే ఓపిక లేక తడిగుడ్డతో దాని గీత తుడిచేశాను. సమస్య తీరిందనుకున్నాను. అప్పుడు నాది ఇంజనీరింగ్ మూడో ఏడు.

సాయంత్రం ఆయన తాళం పట్టుకుని ఉత్త మేకు ముందు ఆగి, నా చేతిలోని తడిగుడ్డ చూశాడు.

"ప్లేయర్ పోతే దొరుకుతది. గీత ఎందుకు తుడిచినవ్ బిడ్డా? సాంచ మీద పోగు తెగితే సందు కనబడతది. కనబడితెనే అతుకుతం."

అందరం వెతికితే అది రోబో కడుపులో, బ్యాటరీ పక్కనే దొరికింది. అలాగే స్విచ్ వేసి ఉంటే షార్ట్ సర్క్యూటై మా పోటీ అక్కడే అయిపోయేది. ఆయన దాన్ని మేకుకు తగిలించి మళ్లీ గీత గీశాడు.

మరుసటేడు ఆయన రిటైరయ్యాడు. ఆ రోజు గది బయట ఆయన విడిచిన చెప్పుల చుట్టూ మేం సుద్దతో గీతలు గీశాం. వెళ్తూ చెప్పులు తొడుక్కుని కిందికి చూశాడు.

"ఎడమది వంకర గీసిండ్రు."

సుద్దముక్క అడిగి తీసుకుని, ఎడమ చెప్పు విడిచి, తిన్నగా పెట్టి, మళ్లీ గీశాడు. తర్వాత తొడుక్కుని వెళ్లిపోయాడు.