పెంటకోట ఒడ్డున నేర్పిన పాఠం

జోసఫ్ రాజు చేతికి స్పానరు వచ్చిందంటే నోటికి కథ వచ్చినట్టే. నర్సీపట్నం ఆబిద్ సెంటర్‌లో అతని మెకానిక్ షెడ్డుకి ఆయిలు మార్పించుకుందామని వెళ్లినవాడు ఆఫ్రికా చుట్టి రావాల్సిందే. ఒక ఫ్రెంచివాడు బైకు మీద ఎడారిలో తప్పిపోయి, చావు తప్పి బయటపడి, ఆ ఎడారిని పదిమందికీ చూపించాలనుకున్నాడట. అలా పారిస్‌లో బయల్దేరి సహారా దాటి ఆఫ్రికా పడమటి ఒడ్డున డకార్ చేరే బళ్ల పందెం పుట్టిందట. తర్వాత ఉగ్రవాదుల భయంతో దక్షిణ అమెరికాకి, అక్కణ్నుంచి సౌదీకి మారిందట. "దేశాలు మారితే ఏటండీ, ఇసక ఎక్కడైనా ఇసకే కదా" అనేవాడు. అయ్యో, ఎంత ధీమాగా అనేవాడో!

నిజానికి ఎడారి మొహం అతనెన్నడూ చూడలేదు. చూసిందల్లా పాయకరావుపేట దాటాక వచ్చే పెంటకోట సముద్రపు ఒడ్డు. ఆదివారం చర్చి అవగానే కూతురు జెన్నీని తీసుకుని అక్కడికి పోయేవాడు. పిల్లకి కాళ్లు నేలకి అందీ అందకముందే బైకు హ్యాండిలు ఇచ్చేశాడు. భార్య దయావతి లబోదిబోమనేది. "ఆడపిల్లకి ఈ పిచ్చి ఏటండీ? కాలో సెయ్యో ఇరిగితే?" అంటే, "నువ్వూరుకోవే" అని నవ్వేవాడు.

ఒడ్డున పొడి ఇసుక తెల్లగా ఉంటుంది, చక్రం దిగబడిపోతుంది. అల తడిపిన ఇసుక నల్లగా ఉంటుంది, బండి తారురోడ్డు మీద పోయినట్టు పోతుంది. "తెలుపు ముంచేస్తాది, నలుపు మోస్తాది. మర్సిపోకమ్మా" అని ఎన్ని ఆదివారాలు చెప్పాడో. జెన్నీ మరిచిపోలేదు.

పోయిన చలికాలం గుజరాత్‌లో కచ్ ఉప్పు ఎడారిలో జరిగే బైకు పందేనికి, పెద్దదై పందేల్లో పేరు తెచ్చుకున్న జెన్నీని ఒక టీము తీసుకుంది. ఊళ్లో ఫ్లెక్సీలు కట్టారు, చర్చిలో ప్రార్థన పెట్టారు. రెండో రోజు మధ్యాహ్నం ఫోను వచ్చింది. బండి పల్టీ కొట్టి పిల్ల మీద పడిందన్నారు. మెడ విరిగి అక్కడికక్కడే పోయిందన్నారు.

శవపేటికతో వచ్చిన టీము మేనేజరు జోసఫ్ రాజుని పక్కకి పిలిచి హిందీలో ఇంకో మాట చెప్పాడు. అక్కడ తెల్లగా ఎండిన ఉప్పే గట్టి నేలట. నల్లగా కనిపించేచోట పైన పెచ్చు, కింద బురదట. జెన్నీ బండి ఆ బురదలోనే దిగబడిందట. ఇన్నేళ్లు ఎడారి కథలు ఊదరగొట్టాడే, ఈ ఒక్క ముక్క ఏ కథలోనూ లేకపోయింది!

ఆ రోజు నుంచి జోసఫ్ రాజు షెడ్డు తియ్యలేదు. మనసులో ఒకటే ప్రార్థన: బ్రేకు పట్టలేదని తేలాలి, కాకపోతే ముందు బండి దుమ్ములో దారి కనపడలేదని తేలాలి. ఏదో ఒకటి తేలాలి, తను నేర్పింది తప్ప.

ఈస్టరు వెళ్లాక టీమువాళ్లు హెల్మెట్ కెమెరాలోని వీడియో ముక్క పంపారు. పిల్ల ఏదో అంటోంది, మాకు తెలుగు రాదు, ఏమిటో చెప్పండి అని అడిగారు. దయావతి పక్కన కూర్చుని బియ్యం ఏరుతోంది. జోసఫ్ రాజు ఫోను నొక్కాడు. ఎడమపక్క తెల్లటి మైదానం, కుడిపక్క నల్లటి పట్టీ. బండి కాస్త నెమ్మదించింది. జెన్నీ గొంతు హుషారుగా వినిపించింది.

"నాన్న సెప్పేడుగా... నలుపు మోస్తాది!"

బండి కుడికి తిరిగింది. వీడియో అక్కడితో అయిపోయింది.

దయావతి చేట వదిలేసింది. బొమ్మ చూడలేదు ఆవిడ, గొంతు ఒక్కటే విన్నది. అన్ని నెలల తర్వాత ఆ మొహం విప్పారింది.

"ఇన్నారా? ఆకర్న కూడా మిమ్మల్నే తలుసుకుంది నా తల్లి! మీ మాట ఏనాడైనా జవదాటిందేటండీ?"

ఆ మాటే దాన్ని చంపిందే అని చెప్పేద్దామని నోరు తెరిచాడు జోసఫ్ రాజు. ఆ మొహం చూసి చెప్పలేకపోయాడు.

టీముకి ఇవాళ్టిదాకా జవాబు ఇవ్వలేదు. దయావతి మాత్రం రోజూ అన్నాలు కాగానే వచ్చి పక్కన కూర్చుంటుంది.

"ఏమండీ, పిల్ల గొంతు ఒక్కసారి ఇనిపించండి" అంటుంది.

అతను నొక్కుతాడు.

"ఇంకోసారి" అంటుంది.