కొక్కేనికి తగిలించిన కడ్డీలు

2019 ఫిబ్రవరి 11, సోమవారం, ఉదయం 7 గంటల 40 నిమిషాలు. ఉత్తరాన మంచు సీమలోని స్వార్త్‌నెస్ ఊరి చివర, బండ్లు బాగుచేసే ఆవిడ గున్‌వోర్ తన షెడ్డు తలుపు పైకెత్తేసరికి వాకిట్లో ట్రెయిలర్ మీద టార్పాలిన్ కప్పిన స్నోమొబైల్, మంచు మీద నడిచే బండి, ఒకటి ఉంది. టార్పాలిన్ కింద నుంచి, ముందు చక్రాల బదులు ఉండే స్కీ పట్టెల్లో ఎడమదాని కొన మాత్రం బయటికి కనిపిస్తున్నది. ఆ కొన మీది అతుకు గున్‌వోర్ వేసినదే. అది రెయిన్‌డీర్ జింకలు కాసే ఆంతే బండి. ఆంతే శవం దొరికి ఆ రోజుకు రెండేళ్ల ఇరవై మూడు రోజులు.

ట్రెయిలర్ పక్కన చేతులు రుద్దుకుంటూ నిలబడినది ఆంతే కూతురు మారెత్. వయసు ఇరవై ఏడు. తండ్రి పోయిన తరువాత రెయిన్‌డీర్ మందను ఆమే చూసుకుంటున్నది.

“తలుపు తీయడానికి ఇంతసేపా? మోకాళ్లు పట్టేశాయా?”

“ఎనిమిదింటికి రమ్మంటే ఇప్పుడే దిగబడి నన్నంటావేం? లోపలికి రా, కాఫీ ఉంది.”

లోపల పొయ్యి పక్కన స్తురె అప్పటికే కప్పు పట్టుకుని కూర్చున్నాడు. పక్కింటివాడు, ఉత్తరాల పంపిణీ చేసి రిటైరైనవాడు. రోజూ పెరటి తలుపున వచ్చి ఆ స్టూలు మీదే కూర్చుంటాడు.

“దీన్ని మార్చాలి గున్‌వోర్. గట్టి బాట మీదా పరిగెత్తాలి, కొండ మీది మెత్తటి మంచులోనూ పోవాలి. ఒక్క రోజులోనే రెండూ,” అన్నది మారెత్.

“రెంటికీ చెడ్డ రేవడవుతుంది,” అన్నాడు స్తురె. “బాటకో బండి, కొండకో బండి. అంతే.”

“ఇప్పుడు జనవరిలోనూ వాన పడుతోంది స్తురె. పడ్డది పడ్డట్టే గడ్డకడుతోంది. కింద ముప్పై కిలోమీటర్లు అద్దం, పైన నడుంలోతు పొడిమంచు. మధ్యలో దిగి బండి మార్చుకోమంటావా?”

“నేను ముప్పై ఏళ్లు ఒక్క బండి మీదే తిరిగాను.”

“అందుకేగా మా ఉత్తరాలు ఎండాకాలం వచ్చేవి!”

స్తురె నవ్వి కప్పు ముందుకు చాచాడు. గున్‌వోర్ కాఫీ పోసింది.

పని లెక్కగా చూస్తే కష్టమైనది కాదు. గట్టి బాటకు, బండి కింద తిరుగుతూ దాన్ని నెట్టే రబ్బరు పట్టా పొట్టిది, దాని మీద 32 మిల్లీమీటర్ల పళ్లు చాలు. లోతు మంచుకు పొడవాటి పట్టా, 64 మిల్లీమీటర్ల పళ్లు కావాలి. కాని అంత పొడుగు పళ్లు గట్టి నేల మీద వంగి వేడెక్కుతాయి. గున్‌వోర్ 3.91 మీటర్ల పట్టా, 44 మిల్లీమీటర్ల పళ్లు ఎంచుకున్నది. స్కీల మధ్య దూరాన్ని బాటకు 104 సెంటీమీటర్లు, కొండకు 96 చేసుకునేలా బిళ్లలు అమర్చింది. పట్టా లోపలి ప్లాస్టిక్ పట్టీలు మంచుగడ్డ మీద కరగకుండా అదనంగా నాలుగు చక్రాలు వేసింది.

మిగిలినది వేడి. ఇంజిన్ వేడిని మోసుకొచ్చే ద్రవం సీటు కింద ఉన్న లోహపు పలకల గుండా పారుతుంది. పట్టా ఎగజిమ్మే మంచు ఆ పలకలకు తగిలి వాటిని చల్లబరుస్తుంది. అద్దంలాంటి గడ్డ మీద ఎగజిమ్మడానికి మంచు ఉండదు. అందుకని పట్టాకు రెండు పక్కలా గీకుడు కడ్డీలు వేలాడదీస్తారు. అవి గడ్డను గీకి పొడి లేపుతాయి. బండిని వెనక్కి నడిపితే మాత్రం అవి గడ్డలో గుచ్చుకుని విరుగుతాయి. కాబట్టి వెనక్కి పోయేముందు పైకెత్తి కొక్కేలకు తగిలించాలి. ముందుకు పోయేముందు దించాలి.

2017 జనవరి 17న ఆంతే బండిని షెడ్డులోంచి వెనక్కి నడిపి బయటికి తెచ్చినది గున్‌వోర్. రెండు వేళ్లతో కడ్డీలను కొక్కేలకు తగిలించడం ఆమెకు గుర్తుంది. దించడం గుర్తు లేదు. చలికాలానికి వందసార్లు చేసే పనిని చేయి గుర్తుంచుకోదు. ఆ ఊళ్లో మరొక మర్యాద ఉంది: గున్‌వోర్ చేతి నుంచి అందుకున్న బండిని ఆమె ఎదుట వంగి చూడరు. చూస్తే అవమానించినట్టు. ఆంతే కూడా చూడలేదు. ఎక్కి, చేయి పైకెత్తి, లాంగ్‌వత్న సరస్సు మీదికి వెళ్లిపోయాడు. అంతకు ముందురోజే వాన కురిసి గడ్డకట్టింది.

రెండు రోజులకు పందొమ్మిదో కిలోమీటరు దగ్గర బండి దొరికింది. అక్కడికి నాలుగు కిలోమీటర్ల అవతల, ఒడ్డు వైపు నడుస్తూ చలికి పడిపోయిన ఆంతే దొరికాడు. ఇంజిన్ చూసి చెప్పమని పోలీసులు బండిని గున్‌వోర్ దగ్గరికే పంపారు. వేడికి ఎడమ పిస్టన్ అతుక్కుపోయింది. ఆ మాట ఆమె కాగితం మీద రాసింది. రెండు కడ్డీలూ కొక్కేలకే వేలాడుతున్నాయి. ఆ మాట రాయలేదు. అడిగినది ఇంజిన్ గురించే.

ఆనాటి నుంచి ఏ బండి తన షెడ్డు దాటినా ఆమె వాకిట్లో నిలబడి వినేది. గడ్డ మీద కడ్డీలు గీసే సన్నని జంట చప్పుడు వినపడే దాకా లోపలికి వెళ్లేది కాదు. జూన్ నెలలో, మంచే లేని రోడ్డు మీద సైకిలు పోతున్నా ఆమె చెవి ఆ చప్పుడునే వెతికేది.

పదో రోజున, బుధవారం నాడు, పిస్టన్ కూడా కొత్తది వేసిన బండిని ఊరి వెనక వాలు మీద మెత్తటి మంచులో నడిపి చూశారు. దిగబడలేదు. గురువారం పొద్దున మారెత్ వచ్చేసరికి గున్‌వోర్ పాత కొక్కేలను గ్రైండర్‌తో కోసేస్తున్నది. కడ్డీల చోట పేనిన ఉక్కు తాళ్లు అమర్చి ఉన్నాయి. వెనక్కి నడిపితే అవి మడతపడి, ముందుకు పోగానే వాటంతట అవే నిక్కి గడ్డను గీకుతాయి.

“కొక్కేలెందుకు తీసేస్తున్నావు?”

గున్‌వోర్ గ్రైండర్ ఆపింది. అది పూర్తిగా తిరగడం మానేదాకా ఆగింది.

“ఆ రోజు బండి బయటికి తెచ్చింది నేనే. కడ్డీలు పైకి తగిలించాను. దించినట్టు గుర్తు లేదు. బండి తిరిగొచ్చినప్పుడు అవి పైనే ఉన్నాయి. పోలీసుల కాగితంలో అది రాయలేదు.”

మారెత్ చేతి తొడుగులు తీసి బల్ల మీద పెట్టింది.

“పైనే ఉన్నాయని నాకూ తెలుసు. దాన్ని సరస్సు మీంచి స్లెడ్డుకెక్కించి లాక్కొచ్చింది మా బాబాయి. ఎక్కించేటప్పుడు నువ్వే తగిలించావా అని ఆయన్నడిగాను. తగిలించానేమో అన్నాడు. మర్నాడు అడిగితే లేదేమో అన్నాడు. అడిగీ అడిగీ, ఇప్పుడు నన్ను చూస్తే కాఫీ కూడా పొయ్యడు.”

“మరి నన్నెందుకు అడగలేదు?”

“నువ్వు ఔనంటే నా బండ్లెవరు బాగుచేస్తారు? నూట ఇరవై కిలోమీటర్లలో నువ్వొక్కదానివే.”

“క్షమించమని అడగను.”

“అడక్కు. ఇవ్వడానికి నా దగ్గర లేదు. ఇది సరస్సు దాటుతుందా లేదా, అది చెప్పు.”

“దాటించి చూపిస్తాను. నీ వెనక నేనూ కూర్చుంటాను.”

వాకిట్లో మారెత్ ఎక్కబోయింది. గున్‌వోర్ ఆమె మోచేయి పట్టుకున్నది.

“ముందు వంగి చూడు.”

“నీ ఎదుటా?”

“నా ఎదుటే.”

మారెత్ మంచులో మోకాళ్లూని చూసింది. రెండు తాళ్లనూ వేలితో లాగి వదిలింది. గున్‌వోర్ టార్చి పట్టుకున్నది. పక్కింటి కిటికీలో స్తురె ముఖం కనిపించి, వెంటనే తప్పుకున్నది.

ఇద్దరూ సరస్సు మీదికి దిగారు. గాలి మైనస్ 19 డిగ్రీలు. ఆదివారం కురిసిన వాన సరస్సు మీద నల్లగా గడ్డకట్టి ఉంది. ద్రవం వేడి 80 దాటితే ఎర్రదీపం వెలుగుతుంది. అయిదో కిలోమీటరు దగ్గర మీటరు 58 చూపింది; పన్నెండు దగ్గర 66. ఉక్కు తాళ్లకు కడ్డీలంత చప్పుడు లేదు. గున్‌వోర్ టోపీ చెవుల మీంచి పైకి తోసి విన్నది. ఇంజిన్ మోత తప్ప ఏమీ వినపడలేదు. రెండేళ్లుగా ఆమె నమ్ముకున్న చప్పుడును తన చేతులతోనే తీసేసింది. వెనక్కి తిరిగి చూసింది. పట్టా వెనక పొడి లేస్తున్నదో, అది గాలి లేపిన మంచో ఆ వెలుగులో తేల్చడం సాధ్యం కాలేదు.

పదహారు దగ్గర 70.

బండి దొరికిన చోట గుర్తేమీ లేదు. దూరం చూపే మీటరు మాత్రం 19.0కి మారింది. మారెత్ వేగం తగ్గించలేదు, తల తిప్పలేదు.

“ఎంత?” అని అరిచింది.

గున్‌వోర్ ఆమె భుజం మీదుగా వంగి వేడి మీటరు చూసింది.

71.